గోడ మీద నాయనమ్మ

ఈమధ్య ఒక మ్యూజియంకి వెళ్ళాను. చీకటి గది, సున్నం రాలిన పాత గోడ, ఆ గోడ మీద వెలుగు వేసి చూపిస్తున్న పాత ఫొటోలు. ఒకప్పుడు ఆ పేటలో కాపురాలుండి, ఇప్పుడు ఒక్కరూ మిగలని జనం. చూడటానికి వచ్చినవాళ్ళు ఫోన్లెత్తి ఫొటోలకే ఫొటోలు తీసుకుంటున్నారు. వాళ్ళకి దారి ఇవ్వబోయి నేను వెలుగుకి అడ్డం వెళ్ళాను. ఎవరిదో ముఖం వచ్చి నా చీర మీద పడింది. “మేడమ్, కాస్త పక్కకి” అన్నాడు కాపలా అతను. పక్కకి జరిగాను. అప్పుడు ముక్కుకి కాలిన దుమ్ము వాసన తగిలింది. ఇప్పటి యంత్రాలకి ఆ వాసన ఉండదు. అది నా చిన్నతనం నాటిది, అడక్కుండానే వచ్చిపోతూ ఉంటుంది.

చిన్నప్పుడు మా ఇంట్లో నన్ను తికమక పిల్ల అనేవారు. ఉప్పు తెమ్మంటే పంచదార తెచ్చేదాన్ని. పక్కింటి ఉత్తరం మా ఇంట్లో, మా ఉత్తరం పక్కింట్లో ఇచ్చేదాన్ని. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కూడా ముందు వెనకలు అయి ఉండొచ్చు. జరిగింది మాత్రం జరిగింది. తప్పు నాదే అన్నదీ నిజమే.

అప్పుడు మేము ఢిల్లీ కరోల్ బాగ్‌లో ఒక పాత ఇంటి కింది వాటాలో ఉండేవాళ్ళం. నాన్న సెంట్రల్ గవర్నమెంటులో గుమాస్తా. ఆర్.కె. పురంలో క్వార్టర్ వస్తుందని నేను పుట్టకముందు నుంచీ ఎదురు చూస్తున్నారు. “ఈ దసరాకి వచ్చేస్తుందే” అనేవారు అమ్మతో. ఏ దసరా అన్నది చెప్పేవారు కాదు.

ఇంటావిడ పంజాబీ ముసలావిడ. అందరూ బీజీ అనేవాళ్ళు. దేశం రెండు ముక్కలైన ఏడాది అటువైపు నుంచి వచ్చింది. వదిలేసి వచ్చిన ఇంటికి బదులుగా ప్రభుత్వం ఈ ఇల్లు ఇచ్చిందట. పొద్దస్తమానం నడవలో నులకమంచం మీద కూర్చుని ముల్లంగులు తరుగుతూ, వచ్చేపోయేవాళ్ళని కేకలేస్తూ ఉండేది. మేడ మీద ఒంటి గదిలో ఒక అక్క ఉండేది. హైదరాబాదు పిల్ల. బొమ్మలు వేయడం చదువుకుంది, ఉర్దూ గడగడా చదివేది. అమ్మ ఉల్లిపాయ పులుసు పెట్టిన రోజు పిలవకుండానే దిగి వచ్చేది.

“ఆంటీ, ఏం వండిన్రు? మెట్ల మీదికి వాసనొస్తున్నది” అనేది.

“వాసన నీకోసమే పంపించానులే, కూచో” అనేది అమ్మ. వెళ్ళాక మాత్రం, “పెళ్ళి కాని పిల్ల, మేడ మీద ఒక్కత్తీ. గోడల నిండా ఎవరెవరివో చచ్చిపోయినవాళ్ళ ఫొటోలు. ఏం చదువులో ఏవిటో!” అని బుగ్గలు నొక్కుకునేది.

ఆ ఫొటోల కోసమే నేను మేడెక్కేదాన్ని. మేడ మీది అక్క ప్రతి ఆదివారం దర్యాగంజ్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల మధ్య దొరికే ఫొటోల కట్టలు తెచ్చేది. షేర్వానీలు వేసుకున్న మగవాళ్ళు, తల మీద ముసుగు కప్పుకున్న ఆడవాళ్ళు, కుర్చీ అంచు పట్టుకుని బిక్కమొహం వేసుకున్న పిల్లలు. వాటన్నిటికీ బూజు పట్టిన అటక వాసన. ఎవరి పేర్లూ ఉండేవి కావు.

“గీ గల్లీల మొత్తం వేరేటోళ్ళుండె, తెల్సా” అని చెప్పింది ఒకరోజు. “ఒక్క ఏడాదిల అందరు పోయిన్రు. ఇండ్లున్నయ్, మనుషులు లేరు. ఒక్క సాయంత్రం వాళ్ళను మళ్ళ గోడ మీదికి తెస్త.”

“వీళ్ళేనా వాళ్ళు?”

“నాకేం తెల్వది పిల్లా. ఎవరివో ఫొటోలు. ఒకళ్ళకోసం ఇంకొకళ్ళు నిలబడ్తరు, అంతే.”

నాకేమీ అర్థం కాలేదు. వెళ్ళిపోవడం అంటే చచ్చిపోవడమా, ఊరు మారడమా? ఊరు మారితే ఫొటోలు ఎందుకు వదిలేస్తారు? ఢిల్లీ కాపురానికి వచ్చేటప్పుడు అమ్మ చీపురు కూడా కట్టించి తెచ్చిందట. బీజీని అడిగితే, “ఇంట్లోకి ఎవరెవరినో పిలుస్తోంది ఆ పిల్ల. వాళ్ళొచ్చి నా ఇల్లు నాకిమ్మంటే ఏం చెయ్యను?” అంది. నవ్వుతూ అందో భయపడుతూ అందో తెలియలేదు. చివరికి నడవలో పెద్ద గోడకి సున్నం వేయించి ఇస్తే, దాని మీద ఆ ఫొటోలు వేసి చూపించడానికి ఒప్పుకుంటానంది. మేడ మీది అక్క తనే చీర చెక్కి సున్నం కొట్టింది.

మా ఇంట్లోనూ ఒక ఫొటో ఉండేది. అగ్గిపెట్టె అంత. నాన్న వాళ్ళ అమ్మది. మా తాతగారు కూడా ఢిల్లీలోనే గుమాస్తాగా ఉండేవారట. నాన్నకి రెండేళ్ళప్పుడు, ఆ దేశం ముక్కలైన ఏడాదే, ఆవిడ ఇక్కడ జ్వరంతో పోయింది. తాతగారు మళ్ళీ పెళ్ళి చేసుకుని ఊరికి వెళ్ళిపోయారు. నాన్న ఉద్యోగానికి బయల్దేరిన రోజు పెట్టె అడుగు నుంచి ఈ ఫొటో తీసి చేతిలో పెట్టి, “మీ అమ్మ” అన్నారట. అంతే, ఇంకొక్క మాట చెప్పలేదట.

ఫొటోలో ఆవిడ ఢిల్లీ చలికి శాలువా తల మీంచి కప్పుకుని ఉంటుంది. దాంతో మెడా కనపడదు, జుట్టూ కనపడదు. ముఖం కూడా వెలిసిపోయింది. నాన్న దాన్ని ట్రంకు పెట్టెలో అంగవస్త్రంలో చుట్టి దాచేవారు. ఏడాదికొకసారి తద్దినం నాడు బయటికి తీసేవారు. స్కూటర్ మీద వచ్చే పురోహితుడు ఇంకో రెండిళ్ళకి వెళ్ళాలంటూ మంత్రాలు పరుగెత్తిస్తుంటే, నాన్న మాత్రం తీరిగ్గా ఆవిడ నుదుటి మీద కుంకుమ పెట్టేవారు. చట్రానికి అద్దం ఎప్పుడో రైల్లో పగిలిపోయింది. ప్రతి ఏడూ కొత్తది వేయించాలనుకోవడం, మర్చిపోవడం. అందుకని కుంకుమ తిన్నగా ఫొటో మీదే పడేది. ఏళ్ళ తరబడి పెట్టిన కుంకుమ కాగితంలోకి ఇంకి, నుదుటి మధ్యనుంచి ఎడమ కనుబొమ దాకా మట్టిరంగు మరకైపోయింది. దాని కింద అసలు బొట్టు ఉందో లేదో కూడా తెలిసేది కాదు.

గారెలు, పరమాన్నం తిన్నాక నాన్న ఫొటోని ట్యూబులైటు కిందికి పట్టుకెళ్ళి కళ్ళు చికిలించి చూసేవారు. “ముక్కు నాకొచ్చిందంటావా?” అని అమ్మని అడిగేవారు.

“అగ్గిపెట్టెలో ముక్కెక్కడ కనబడుతుందండీ?” అనేది అమ్మ. ఆయన చిన్నబుచ్చుకుని మళ్ళీ చుట్టేసేవారు. చూస్తే నాకు జాలేసేది. ఆవిడ ఒక్కసారి పెద్దగా కనబడితే బాగుండును అనిపించేది.

అందుకే ఆ పని చేశాను. చలికాలం ఆదివారం, మేడ మీద మంచి ఎండ. మేడ మీది అక్క కెమెరాని కిందికి తిప్పి స్టాండుకి బిగించి, నల్లగుడ్డ మీద ఒక్కో ఫొటో పెట్టి తీస్తోంది. వాటిని గోడ మీద వేసే చిన్న చిన్న ఫిల్ము ముక్కలుగా చేయిస్తారట. ఫొటోలు మార్చే పని నాది. ఆమె కన్ను కెమెరాకి ఆనించి, “ఆఁ, ఇంకోటి” అంటే నేను ఇంకోటి పెట్టాలి. అమ్మా నాన్నా కూరల బజారుకి వెళ్ళారు. ట్రంకు తాళం ఎక్కడుంటుందో నాకు తెలుసు. ముసుగు ఆడవాళ్ళ మధ్య నాయనమ్మని కూడా పెట్టేశాను. “ఆఁ, ఇంకోటి” అంది అక్క. నాయనమ్మ అయిపోయింది. మధ్యాహ్నానికి ఫొటో మళ్ళీ అంగవస్త్రంలోకి వెళ్ళిపోయింది.

ఫిల్ము ముక్కలు స్టూడియోలో కడిగించి తెచ్చాక అక్క వాటిని ఎండలోకి ఎత్తి చూస్తూ ఒకదాని దగ్గర ఆగింది. “గీమె ఎవరో గానీ, చూపు మస్తుంది” అంది. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

గోడ మీద ఫొటోలు వేసే రోజు పొద్దుగూకగానే నడవలో చాపలు వేశారు. అక్క అంతకుముందే పాత ఢిల్లీ దాకా వెళ్ళి ఉర్దూలో కాగితాలు అంటించి వచ్చింది, ఈ వీధులతో సంబంధం ఉన్నవాళ్ళు రండి అని. ముగ్గురో నలుగురో వచ్చారు. వాళ్ళలో గడియారాలు బాగుచేసే ముసలాయన ఒకరు. తెల్లటి కుర్తా మీద కోటు, చెవులకి మఫ్లరు. బీజీ వేరుశనక్కాయల పళ్ళెం మధ్యలో పెట్టింది. నాన్న కోతిటోపీ పెట్టుకుని ఓ మూల కూర్చున్నారు.

అరువు తెచ్చిన ప్రొజెక్టరు గుయ్యిమని మొదలెట్టింది. కాలిన దుమ్ము వాసన నడవంతా కమ్ముకుంది. చిటుక్కుమన్నప్పుడల్లా గోడ మీద ఒక మనిషి. నేను వెలుగులో చేతులు పెట్టి కుక్క బొమ్మ వేస్తే ఒక షేర్వానీ పెద్దమనిషి చెవి కొరుకుతున్నట్టు వచ్చింది. అమ్మ నెత్తి మీద ఒక్కటిచ్చింది. ఆ తర్వాత అందరూ గోడకే కళ్ళప్పగించారు. బీజీ కూడా కాయలు ఒలవడం ఆపేసింది.

చిటుక్కుమంది. నాయనమ్మ వచ్చింది.

ఎంత పెద్దగా! గోడ కింది నుంచి కిటికీ పైదాకా ఆవిడే. నేను నాన్న వైపు చూశాను. ఒలిచిన వేరుశనగపప్పు ఆయన చేతిలోనే ఉంది. నోరు తెరుచుకుని ఉంది. “ఏవండీ…” అని అమ్మ ఆయన భుజం పట్టుకుంది. నాకు లోపల ఒకటే సంతోషం, ఇప్పుడు అందరికీ చెబుతారు చూడు, ఈవిడ మా అమ్మ అని.

అప్పుడే ఆ గడియారాల ముసలాయన లేచాడు. “ఆపా!” అన్నాడు. గోడ దాకా నడిచాడు. నాయనమ్మ ముఖం ఆయన కోటు మీద పడి ముడతలు పడింది. చెయ్యెత్తి ఆవిడ నుదుటి మీది మరకని తాకాడు. “యే దేఖియే, చోట్ కా నిశాన్. దెబ్బ తగిలిన మచ్చ. పావురాన్ని పట్టబోయి మెట్ల మీంచి పడింది. నేనక్కడే ఉన్నాను. మా అక్క. మా ఆపా” అంటూ ఏడవసాగాడు.

వాళ్ళది ఈ వీధేనట. ఆ ఏడాది శరణార్థుల గుంపులో ఆపా చెయ్యి విడిపోయిందట. మిగతా బంధువులంతా రైలెక్కి సరిహద్దు దాటారు. ఆపా వెతుక్కుంటూ వస్తే ఎవరో ఒకరు ఉండాలి కదా అని వాళ్ళ నాన్న ఈ పన్నెండేళ్ళ కొడుకుని పెట్టుకుని ఇక్కడే ఉండిపోయాడట. బీజీ లేచి తన గ్లాసుతోనే నీళ్ళిచ్చి, “తాగు బేటా, కూర్చో” అంటూ వీపు రాసింది. అరవై ఏళ్ళ మనిషిని బేటా అనడం నాకు వింతగా తోచింది.

“ఈ ఫొటో ఎక్కడిది?” అని అడిగాడాయన మేడ మీది అక్కని.

“దర్యాగంజ్‌లో దొరికింది” అంది అక్క. ఆమెకి తెలిసింది అదే.

“అంటే ఢిల్లీలోనే ఉందన్నమాట. ఇక్కడే ఎక్కడో ఉండి ఉంటుంది. ఇంకా దొరుకుతాయేమో.”

నాన్న చేతిలోని పప్పు తిరిగి పళ్ళెంలో పెట్టేశారు.

ఇంటికి వెళ్ళాక అమ్మ చెవి మెలిపెట్టేసరికి అంతా కక్కేశాను. వీపు చిట్లుతుందనుకున్నాను. నాన్న కోపం తెచ్చుకోలేదు. కుర్చీలో కూలబడి, “ఎంత పెద్దగా కనబడిందే!” అన్నారు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, “ముక్కు నాదే” అన్నారు. కళ్ళు తుడుచుకుని పడుకున్నారు.

అక్కడితో అయిపోలేదు. మేడ మీది అక్క ఆ ఫొటోని పెద్దది చేయించి ముసలాయనకి ఇచ్చింది. ఆయన దాన్ని కొట్లో గడియారాల మధ్య తగిలించుకున్నాడట. ప్రతి ఆదివారం ఎనిమిదింటికల్లా దర్యాగంజ్ వెళ్ళి, ఫొటోల కట్టలన్నీ విప్పి చూస్తున్నాడట. అక్క వచ్చి చెప్పినప్పుడల్లా మా ఇంట్లో అన్నం సయించేది కాదు.

“చెప్పేయండి. పాపం వాళ్ళ అక్క బతికుందనుకుంటున్నాడాయన” అనేది అమ్మ.

“చెబితే ఆవిడ మళ్ళీ చచ్చిపోతుందే.”

“చెప్పకపోతే మా అత్తగారు ఆయన అక్కగారైపోతుంది. అది బావుందా?”

నాకు తల తిరిగిపోయేది. మేడ మీది అక్కకి నిజం చెబుదామని రెండుసార్లు మెట్లెక్కి రెండుసార్లూ దిగొచ్చాను. నాయనమ్మ గోడ మీదికి వస్తే నాన్న సంతోషిస్తారనుకున్నాను. సంతోషించారు. మరి ఇదంతా ఎక్కడినుంచి వచ్చింది? ఒకే మనిషి ఇద్దరికి కావలసి వస్తే ఎవరిని అడగాలి?

ఒక ఆదివారం నాన్న ఫొటోని అంగవస్త్రంతో సహా చేతిసంచీలో పెట్టుకున్నారు. “నువ్వూ రా” అన్నారు. బస్సులో సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. దర్యాగంజ్ ఫుట్‌పాత్ పొడుగునా పుస్తకాల గుట్టలు. ముసలాయన పుస్తకాలు పరిచిన ఒక పరదా పక్కన గొంతుకూర్చుని ఫొటోలు తిరగేస్తున్నాడు. నన్ను చూసి గుర్తుపట్టి నవ్వాడు. నాన్న ఆయన్ని టీ బడ్డీ దగ్గరికి తీసుకెళ్ళారు. ముగ్గురం బల్ల మీద కూర్చున్నాం.

నాన్నకి ఆఫీసు హిందీ తప్ప రాదు. “బాత్ యే హై కి…”, విషయం ఏమిటంటే, అని మొదలుపెట్టి ఆగిపోయారు. ఇక లాభం లేదని సంచీలోంచి చట్రం తీసి ఆయన చేతిలో పెట్టారు. “మేరీ మా. మా అమ్మ” అన్నారు.

ముసలాయనకి వెంటనే అర్థం కాలేదు. చట్రాన్ని దగ్గరగా పెట్టుకుని చూశాడు. టీ గ్లాసు ఆవిరికి తడిసిన బొటనవేలితో ఆ మచ్చని మెల్లగా నిమిరాడు. వేలు తీసి చూసుకున్నాడు. ఎర్రగా అంటింది.

“ఇది దెబ్బ కాదు” అన్నాడు.

“కాదండీ. కుంకుమ. ఏడాదికొకసారి నేనే పెడతాను.”

“అచ్ఛా” అన్నాడాయన. నేను ఆయన వేలినే చూస్తున్నాను. తుడుచుకుంటాడేమో అనుకున్నాను. తుడుచుకోలేదు.

“అమ్మగారు ఎక్కడ పోయారు?” అని అడిగాడు చివరికి.

“ఇక్కడే. ఆ ఏడాదే. జ్వరం.”

“మీకు గుర్తుందా?”

“రెండేళ్ళవాణ్ణి. ఏమీ గుర్తులేదు. ఇంట్లో మారుతల్లి. మా అమ్మ మాట ఎత్తితే ఆవిడ బాధపడుతుందని ఎవరూ ఎత్తేవారు కాదు.” నాన్న ఈ మాట అనగా నేను వినడం అదే మొదటిసారి.

“పెద్ద ఫొటో తెచ్చి ఇచ్చేస్తాను” అన్నాడు ముసలాయన లేవబోతూ. “వద్దు, ఉంచుకోండి” అన్నారు నాన్న. చట్రం చుట్టేసుకుని సంచీలో పెట్టుకున్నారు. పని అయిపోయింది, ఇక వెళ్ళిపోతాం అనుకున్నాను. నాన్న కదల్లేదు. సంచీ పిడులు చుడుతూ విప్పుతూ, చుడుతూ విప్పుతూ కూర్చున్నారు.

“మీ అక్కగారు ఎలా నవ్వేవారండీ?” అని అడిగారు.

ముసలాయన తెల్లబోయి చూశాడు. తర్వాత తిరిగి బల్ల మీద కూర్చుని ఇంకో మూడు టీలు చెప్పాడు. ఆపా నవ్వితే చప్పుడు వచ్చేది కాదట. కొంగు నోటికి అడ్డం పెట్టుకునేదట, భుజాలు మాత్రం కదిలేవట. జామకాయకి ఉప్పు రాసి సగం ఈయనకిచ్చి, పెద్ద సగం ఈయనకే వెళ్ళిందని పోట్లాడేదట. జ్వరం వస్తే అరిచేయి నుదుటి మీద కాకుండా పాదం మీద పెట్టి చూసేదట. ఆయన చెబుతూ పోయాడు. నాన్న ముందుకి వంగి, బడిపిల్లాడిలా నోరు తెరుచుకుని విన్నారు. “పాదం మీదా?” అని రెండుసార్లు అడిగారు. టీలు చల్లారిపోయాయి. మేము లేచేసరికి పుస్తకాలవాళ్ళు పరదాలు చుడుతున్నారు.

ఆ తర్వాత ఆయన ఫొటోల కోసం దర్యాగంజ్ వెళ్ళడం మానేశాడని మేడ మీది అక్క చెప్పింది. కొట్లో తగిలించిన ఫొటో మాత్రం తియ్యలేదట. ఎండాకాలంలో ఆ అక్క బరోడా వెళ్ళిపోయింది. మాకు క్వార్టరు వచ్చింది. బీజీ పోయాక ఆ ఇల్లు పడగొట్టి బట్టల దుకాణం కట్టారు. ఇప్పుడు ఆ వీధిలో మేమున్నామని చెప్పడానికి కూడా ఎవరూ లేరు.

నేను పెద్దదాన్నయ్యాక ఒకరోజు భోజనాల దగ్గర నాన్న, “మా అమ్మ నవ్వితే చప్పుడు వచ్చేది కాదు. భుజాలు కదిలేవంతే” అన్నారు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ కూర వడ్డిస్తూ నా వైపు చూడలేదు. ఆ తర్వాత ఎన్నోసార్లు అన్నారు. జామకాయ సంగతి కూడా చెప్పారు. తెలిసి అంటున్నారో, నిజంగానే అలా కలిసిపోయిందో నాకు అంతుబట్టలేదు. అడగలేదు. నాకు జ్వరం వచ్చినప్పుడు పాదం పట్టుకుని చూసేవారు.

నా కూతురు నవ్వితే చప్పుడు రాదు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటుంది, భుజాలు ఊగుతాయి. నాన్న చివరి రోజుల్లో మంచం మీంచి దాన్ని చూసి, “అచ్చు మా అమ్మ పోలికే” అని ఏడ్చేశారు. అది నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, “అమ్మా, తాతమ్మ నిజంగా నాలాగే నవ్వేదా?” అని అడిగింది.

నాకు ఆ ఎర్రబడ్డ బొటనవేలు కళ్ళ ముందు మెదిలింది. మంచం మీద నాన్న నా జవాబు కోసం చూస్తున్నారు.

“అవునే, అచ్చు నీలాగే” అన్నాను.